ముందు ఒడ్డెక్కాల్సిన పడవ

యుద్ధాన్ని మించిన సుఖం లేదు! ఈ మాట అనగానే కొందరు సున్నిత హృదయులు నొసలు చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. యుద్ధం తాలూకు అసలు లాభాలు అనుభవించాలంటే దానికి కనీసం రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ఆ విధంగా చూస్తే నెల్లూరు తీరం కంటే అనువైన చోటు ఈ దేశంలో ఎక్కడుందో చెప్పండి?

శాంతికాలంలో నాయకుల బతుకు ఎంత దుర్భరమో ఎప్పుడైనా ఆలోచించారా? పొద్దున లేస్తే రోడ్డు మీద గుంతలంటారు. ఆస్పత్రిలో డాక్టరు లేడంటారు. పిల్లలకు ఉద్యోగాలేవంటారు, ఉల్లిపాయల ధర ఏమిటంటారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు తయారు చేసుకోవాలి పాపం! అదే యుద్ధం వచ్చిందనుకోండి, అన్ని ప్రశ్నలకూ ఒకటే జవాబు. "అక్కడ సరిహద్దులో సైనికులు ప్రాణాలకు తెగించి నిలబడితే నీకు ఉల్లిపాయలు కావలసి వచ్చాయా?" అంతే! అడిగినవాడు ఉల్లిపాయ తరక్కుండానే కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోతాడు.

మొన్నటి పదకొండు రోజుల యుద్ధమే తీసుకోండి. మన జిల్లాకు ఒరిగిన మేలు అంతా ఇంతా కాదు. చిల్లకూరు దగ్గర హైవే పక్కనున్న టీ బంకుల్లో పొద్దున ఎనిమిదిలోపే అయిదుగురు సేనాధిపతులు తయారయ్యేవారు. గ్లాసులో టీ చల్లారేలోగా శత్రుదేశాన్ని మూడు ముక్కలు చేసి, ఏ ముక్కకు ఎవరిని గవర్నరుగా వెయ్యాలో కూడా తేల్చేసేవారు. కోవూరులో ఒక పెళ్ళికొడుకు మిలిటరీ రంగు షేర్వానీ తొడుక్కుని, మెడలో బైనాక్యులర్ వేసుకుని పీటల మీదికి వచ్చాడు. బ్యాండువాళ్ళు ఉత్సాహం పట్టలేక సైరన్ మోగిస్తే, పురోహితుడు హడలిపోయి ముహూర్తానికి ఇరవై నిమిషాల ముందే తాళి కట్టించేశాడు. వరుడి తండ్రి కోప్పడలేదు. మెరుపుదాడి అన్నాడు!

టీవీల సంగతి చెప్పనే అక్కర్లేదు. శత్రువుల రాజధాని టిఫిన్ల వేళకు ఒకసారి, భోజనాల వేళకు ఒకసారి పడిపోయేది. పడిన ఊరు మళ్ళీ పడాలంటే మధ్యలో ఎప్పుడో లేచి నిలబడాలి కదా? అది ఎప్పుడు లేచిందని అడిగేవాడు దేశద్రోహి. పార్లమెంటును పిలిచి చర్చ పెట్టండని ఎవరో ముసలి ఎంపీ అన్నాడట. ఎందుకండీ చర్చ? టీవీలో ఎనిమిది కిటికీల్లోంచి ఎనిమిది మంది ఒకేసారి అరుస్తున్నారే, అది చర్చ కాదా?

ఇన్ని లాభాలున్నా ఒక్క మనిషికి మాత్రం యుద్ధం వంటబట్టలేదు. ఆమె పేరు మాలకొండమ్మ.

చిల్లకూరుకు తూర్పున తారురోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట కాకిమొగ పాలెం ఉంది. రెండు వందల గడప, అరవై బోట్లు. మాలకొండమ్మ ఆ పాలెంలో చేపలు ఎండబెట్టి గూడూరు సంతలో అమ్ముతుంది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. కాగితం కనబడితే చివరిదాకా చదివే దురలవాటు ఉంది. భర్త గంగులయ్య పాలేనికి కాపు, అంటే వేటకు పోయేవాళ్ళందరికీ పెద్ద. నలుగురిలో ఉరిమినట్టు మాట్లాడే మనిషే కానీ, రబ్బరు స్టాంపు కొట్టిన కాగితం చూస్తే మాత్రం చేతులు కట్టుకుంటాడు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు పెంచలకృష్ణ సైన్యంలో జవాను. ఆ పదకొండు రోజులూ సరిహద్దులోనే ఉన్నాడు.

న్యాయంగా చూస్తే దేశంలో అందరికంటే ముందు నోరు మూసుకోవలసిన మనిషి ఆమె. జవాను తల్లి ఎలా ఉండాలి? కెమెరా ముందు కన్నీళ్ళు ఆపుకుంటూ, ఇంకో కొడుకుంటే వాణ్ణి కూడా పంపేదాన్ననాలి. ఒక చానెల్ అమ్మాయి ఆ మాట కోసమే అంత దూరం కారేసుకుని వచ్చింది కూడా. మాలకొండమ్మ ఏమన్నదో తెలుసా?

"నాకుండేది ఒక్కడేమ్మా. వాడు తిరిగొచ్చేది ఎప్పుడో మీ పెద్దోళ్ళని అడిగి చెప్పు. అట్టనే వాళ్ళకి కొడుకులెందరో, ఏ సరిహద్దులో ఉండారో అది గూడా కనుక్కో."

ఆ ముక్క ప్రసారం కాలేదు. దేశం గండం గడిచి బయటపడింది.

అసలు పేచీ బోట్ల దగ్గర వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు వేట ఆపుతారు కదా, ఆ గడువు ముగిసింది. పాలెంవాళ్ళు బోట్లకు రంగులేసి, ఇంజన్లు బాగుచేసుకుని, కొబ్బరికాయలు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. సరిగ్గా ఆ వారమే యుద్ధం మొదలైంది. మర్నాడే చేపల వేలంపాక గోడ మీద ఒక ఆర్డరు అంటించారు. తీరప్రాంత భద్రత దృష్ట్యా తదుపరి ఉత్తర్వుల వరకు ఏ పడవా సముద్రంలోకి వెళ్ళరాదు!

యుద్ధం పడమటి కొండల్లో, బోట్లు తూర్పు సముద్రంలో. అయినా ఎవరూ ఏమీ అనలేదు. చేపల గుడ్ల కోసం రెండు నెలలు ఆగినవాళ్ళం, దేశం కోసం వారం ఆగలేమా అనుకున్నారు. మాలకొండమ్మ కూడా అదే అనుకుంది. మంచి మాటే!

పదకొండో రోజున యుద్ధం ఆగిపోయింది. ఎందుకు మొదలైందో చెప్పినవాళ్ళు ఎందుకు ఆగిందో చెప్పలేదు. ఇటువాళ్ళు గెలిచామన్నారు, అటువాళ్ళూ గెలిచామన్నారు. ఓడినవాడే లేని యుద్ధం ఎంత మానవీయమైనదో గమనించారా? నాయకులు సైనికుల చొక్కాలు కుట్టించుకుని కటౌట్లకెక్కారు. ఊరూరా స్వీట్లు పంచారు.

గోడ మీది ఆర్డరు మాత్రం గోడ మీదే ఉండిపోయింది. వారం గడిచింది, నెల గడిచింది, నలభై రోజులు గడిచాయి. తీసెయ్యమని ఎవరో ఒకరు అడగాలి కదా? కింది ఆఫీసు పై ఆఫీసును అడిగితే, భద్రత మీద శ్రద్ధ లేదా అని పై ఆఫీసు అంటుందేమోనని కింది ఆఫీసుకు భయం. కింది ఆఫీసు అడక్కముందే తానే ఎత్తేస్తే, నీకెందుకంత తొందర అని ఇంకా పైవాళ్ళు అంటారేమోనని పై ఆఫీసుకు భయం. ఇంత క్రమశిక్షణ శాంతికాలంలో సాధ్యమా?

బోట్లు ఇసుకలో ఎండాయి. పెద్ద ఓడల వాళ్ళు దూరంగా లైట్లు వేసుకుని చేపలు దోచుకుపోతుంటే పాలెంవాళ్ళు ఒడ్డున కూర్చుని చూశారు. దేశభక్తి అంటే మరేమిటి?

అప్పుడు మాలకొండమ్మ నోరు తెరిచింది. తెరిచి, మన ఆర్డరును వాళ్ళ పాలెం దురాయితో పోల్చింది! ఎంత అవమానమో చూడండి. దురాయి అంటే పాలెంలో కాపు వేసే నిషేధం. గాలివాన వచ్చేటట్టున్నా, పాలెంలో ఎవరైనా పోయినా కాపు దురాయి వేస్తాడు. ఇక ఎవరూ వేటకు పోరు. మంగళవారం వల ముట్టకపోవడం కూడా ఎప్పుడో ఎవరి ముత్తాతో వేసిన దురాయే. ఆరోజు ఇళ్ళ దగ్గర కూర్చుని బొక్కలు పడిన వలలు కుట్టుకుంటారు.

దురాయికి రెండు షరతులున్నాయి. వేసినవాడి పడవే ముందు ఒడ్డెక్కాలి. ఒక్క పడవకు సడలిస్తే పాలెంలో అందరికీ సడలినట్టే.

మూడేళ్ళ కిందట గాలి తేడాగా ఉందని గంగులయ్య దురాయి వేశాడు. అప్పటికి ఆయన వల సముద్రంలోనే ఉంది, దానినిండా చేపలున్నాయి. వల తెగ్గోసి వదిలేసి, అందరికంటే ముందు తన బోటే ఒడ్డెక్కించాడు. ఆ వల కోసం మాలకొండమ్మ రెండు రోజులు ఏడ్చింది. అయితే ఆ రోజు దురాయి ఎందుకు వేశావని పాలెంలో ఒక్కరూ గంగులయ్యను అడగలేదు. అడగవద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

చూశారా ఎంత వెనకబడిన పద్ధతో! ఆజ్ఞ ఇచ్చినవాడే ముందు నష్టపోవాలట! ఇలాంటి షరతులుంటే ఎవడైనా నాయకుడై బాగుపడతాడా? అందుకే గంగులయ్య పాలెం దాటి ఎదగలేదు.

పాలెంలో టీవీ ఉన్న ఏకైక టీకొట్టు చిన్నబాబుది. యుద్ధం తర్వాత అతను టీ పెట్టడం తగ్గించి వ్యూహాలు చెప్పడం పెంచాడు. మాలకొండమ్మ అక్కడికి పోయి ఆ ఆర్డరు ఊసెత్తింది.

"అక్కా, ఆడ సరిహద్దులో సైనికులు నిలబడుండారు. నువ్వీడ బోటు బోటని అరస్తా ఉంటే వాళ్ళ మనసు ఏం గావాల?" అన్నాడు చిన్నబాబు, టీవీలో నేర్చుకున్న గొంతుతో.

"ఆ సైనికుల్లో ఒకడు నా కడుపున పుట్టినోడే గదరా! వాడు ఫోన్ చేస్తే మొట్టమొదట అడిగేదేందో తెలుసునా నీకు? 'అమ్మా, బోటు పోయిందా?' అంటాడు."

దీనికి ఏమనాలో చిన్నబాబుకు టీవీలో ఇంకా చెప్పలేదు. అందుకని చానెల్ మార్చాడు.

ఆమె ఊరుకుందా? బస్సెక్కి మండలాఫీసుకు పోయింది. అక్కడ వినీల అనే కుర్ర ఆఫీసరు ఉంది. మంచి పిల్ల. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇప్పించింది.

"అది మా చేతిలో లేదమ్మా, పైనుంచి రావాలి," అంది వినీల.

"పైనంటే ఎవురు తల్లీ? పేరు చెప్పు, నేనే పోయి అడగతా."

"పేరు చెప్పకూడదమ్మా. భద్రతా కారణాలు."

"యుద్ధం అయిపాయె గదా?"

"అయిపోయినట్టు మాకు రాతపూర్వకంగా రాలేదండీ," అంది వినీల. చెప్పాక ఆ మాట తనకే ఎబ్బెట్టుగా తోచినట్టుంది, తల వంచుకుని ఫైలు తిప్పింది.

మాలకొండమ్మకు ఇంత పట్టుదల ఎందుకంటే తిండికి లేక కాదు. ఎండుచేపలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. కొడుక్కి అబద్ధం చెప్పలేక చస్తోంది. యుద్ధం జరుగుతున్నప్పుడు వాడు మొదటిసారి ఫోన్ చేసి, బోటు పోయిందా అని అడిగాడు. తుపాకి పట్టుకుని నిలబడ్డవాడికి ఇంటి దిగులెందుకని, "పోయింది నాయనా," అనేసింది. ఏం పడ్డాయన్నాడు. కానాగంతలు పడ్డాయంది. అంతటితో తీరిందా? వాడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. ప్రతి ఆదివారం ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కొత్త చేపలు పుట్టించాలి. ఒకసారి వంజరం, ఒకసారి సందువాయి. ఓ వారం వాడికి ఆదివారం వీలుపడక మంగళవారం సాయంత్రం చేశాడు. "ఈ పొద్దు తెల్లారే నెత్తళ్ళు పడినాయిరా, బుట్టలు చాల్లేదనుకో," అని గడగడా చెప్పేసింది. వాడు ఊఁ అన్నాడు.

అబద్ధం ఆమెకు కొత్త కాదు. నిన్నటి చేపను ఇవాళ్టిదని సంతలో ఎన్నిసార్లు ఒట్టేసి చెప్పలేదూ! కానీ కొడుకుతో చెప్పిన అబద్ధం గొంతులో చేపముల్లులా నిలబడిపోయేది. అన్నం ముద్ద మింగినా దిగేది కాదు. వాడు మాత్రం హుషారుగా, తాను కోడికూరా పూరీలూ తింటున్నాననీ, పనిలేక ఆవులింతలొస్తున్నాయనీ, ఆమె పంపిన నెత్తళ్ళ పొడిని పక్క మంచం పిల్లవాడు సీసా తుడిచి మరీ తిన్నాడనీ చెప్పేవాడు. ఎప్పటికైనా ఒక్క ఆదివారం వాడికి నిజం చెప్పాలి. అంటే బోటు పోవాలి. ఆమెకు కావలసింది అంతే.

ఇలా ఉండగా కోవూరు నుంచి పద్మనాభయ్యగారు కారులో దిగారు. ఆయనకు యాభై ఎకరాల మాగాణి ఉంది, పార్టీలో పలుకుబడి ఉంది. ప్రస్తుతం విజయోత్సవ కమిటీకి అధ్యక్షుడు. సముద్రం ఒడ్డున పెద్ద సభ పెడుతున్నామనీ, ఢిల్లీలో మంత్రిగా ఉన్న పెద్దమనిషి వస్తున్నారనీ, ఆయన బోటెక్కి కెరటాలు దాటి నడి సముద్రంలో జెండా ఎగరేస్తారనీ, దానికి గంగులయ్య బోటును ఎంపిక చేశామనీ చెప్పారు. గంగులయ్య చేతులు కట్టుకుని తల ఊపాడు.

మాలకొండమ్మ వలలు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఆర్డరుండాది గదయ్యా! ఏ బోటూ సముద్రంలోకి పోగూడదంట."

పద్మనాభయ్యగారు నవ్వారు. "మంత్రిగారికి ఆర్డరేందమ్మా?"

"ఆయన లోపలుండాడని శత్రువుకేం దెలుసు? బోటు బోటే గదా. రేపు ఏమన్నా అయితే దేశం ముందు మేం తలెత్తుకోలేం. దేశభద్రతకాడ మేం రాజీ పడమయ్యా!"

దేశభద్రత అన్న మాట వినగానే టీకొట్టులోంచి చిన్నబాబు పరిగెత్తుకొచ్చి, "భలే చెప్పినావక్కా!" అని చప్పట్లు కొట్టాడు. ఏ మాటకు కొడుతున్నాడో అతనికే తెలీదు. జీవితంలో మొదటిసారి పద్మనాభయ్యగారి జవాబు ఆయనకే తగిలింది.

ఆయన ఫోన్ తీసి ఎక్కడెక్కడికో మాట్లాడి, అరగంటలో నోటిమాటగా అనుమతి తెప్పించారు. మాలకొండమ్మ ఒప్పుకోలేదు, రాతపూర్వకంగా కావాలంది. సాయంత్రానికల్లా వినీలే స్వయంగా కాగితం పట్టుకొచ్చింది. నలభై రోజులు కదలనిది ఒక్క ఫొటో కోసం ఒక్క పూటలో కదిలింది! మంత్రిగారి కార్యక్రమం నిమిత్తం ఒక బోటుకు అనుమతి అని ఉంది. మాలకొండమ్మ దాన్ని చివరిదాకా చదివి, మడిచి, కొంగున ముడేసుకుంది. వినీల ఆ ముడికేసి చూసి, సంతకం తీసుకుని వెళ్ళిపోయింది.

"మే, ఒక బోటే అనుండాది ఆ కాగితంలో," అన్నాడు గంగులయ్య, అందరూ పోయాక.

"కాగితం వాళ్ళది, దురాయి మనది. ఒక బోటుకి సడలిస్తే ఏందో కాపువి నీకు నేను చెప్పాల్నా?"

"కేసులు పెడతారు మే!"

"ముందు పొయ్యేది మంత్రి గదా, ఆయన మీద పెట్టినాక మన మీద పెట్టమను."

గంగులయ్య కట్టుకున్న చేతులు విప్పి, ఒక్కో గడపకూ పోయి ఏదో చెప్పి వచ్చాడు.

గురువారం పొద్దున సభ జరిగింది. మంత్రిగారు మిలిటరీ రంగు జాకెట్టు వేసుకుని వచ్చారు. ఆ జాకెట్టు ఫొటోలో కనబడదని లైఫ్ జాకెట్టు వద్దన్నారు. అరగంట మాట్లాడారు. ప్రజలు ఇంకా త్యాగాలు చెయ్యాలనీ, నోరు కట్టేసుకోవాలనీ, ప్రశ్నలు శత్రువుకు ఆయుధాలనీ చెప్పారు. చివర్లో మైకు గట్టిగా పట్టుకుని, "త్యాగం చెయ్యాల్సి వస్తే మొదటి అడుగు మాదే!" అని గర్జించారు.

"అయితే ఎక్కండయ్యా, ఆలస్యమెందుకు!" అంది మాలకొండమ్మ ముందు వరసలోంచి.

జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కెరటాలకేసి ఒకసారి, కెమెరాలకేసి ఒకసారి చూసి బోటెక్కారు. గంగులయ్య బోటు తోలాడు. మొదటి కెరటానికి మంత్రిగారి జెండా తడిసింది, రెండోదానికి జాకెట్టు తడిసింది. మూడోది దాటాక గంగులయ్య లేచి నిలబడి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి గాల్లో మూడుసార్లు తిప్పాడు. దురాయి తెగిందని దానర్థం. మంత్రిగారు అది జనానికి అభివాదం కాబోలనుకుని తానూ జెండా మూడుసార్లు తిప్పారు. కాపు ఒక్కడు తిప్పితేనే చాలు, మంత్రి కూడా తిప్పాక ఇంకేం కావాలి?

ఒడ్డున యాభై తొమ్మిది ఇంజన్లు ఒక్కసారి మోగాయి. యాభై తొమ్మిది బోట్లు ఇసుక మీదినుంచి నీళ్ళలోకి జారాయి. ఎన్నాళ్ళకెన్నాళ్ళకు! ఆడవాళ్ళు ఈలలేశారు. మాలకొండమ్మ నడుము లోతు నీళ్ళలోకి పోయి, చేతికందిన బోటునల్లా తోసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మంత్రిగారికి రక్షణగా అరవై బోట్ల మత్స్యకార దళం అని టీవీలు ఊదరగొట్టాయి. దళం మంత్రిగారిని దాటి ముందుకు పోయింది. ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నారు, వాళ్ళు పోతూనే ఉన్నారు. ఈలోగా గంగులయ్యకు నీళ్ళ రంగులో తేడా కనబడింది. చేపల గుంపు! ఆయన మంత్రిని మరిచిపోయి వల వేశాడు. వెనక్కి పోదామని మంత్రిగారు వేలితో సైగ చేశారు, నోరు తెరిచే స్థితిలో లేరు.

"వల దించినాక మధ్యలో బోటు తిప్పగూడదయ్యా, పాలెం కట్టుబాటు. ఓ గంట ఓపిక పట్టండి, దేశం కోసం," అన్నాడు గంగులయ్య వినయంగా.

ఆ గంటలో మంత్రిగారు బోటు అంచు మీద వాలి సముద్రానికి ఏమేం సమర్పించుకున్నారో రాయడం మర్యాద కాదు. వేదిక మీద మాటిచ్చిన త్యాగం ఆయన చేశారని మాత్రం ఒప్పుకోవాలి.

తర్వాత ఏం జరిగింది? కేసులు పెట్టాలంటే అరవై బోట్ల మీద పెట్టాలి. అరవైలో మొదటిది మంత్రిగారిది. టీవీలో దేశమంతా చూసింది. మర్నాడే ఆర్డరు ఎత్తేస్తూ ఇంకో ఆర్డరు వచ్చింది, దాని మీద తేదీ మాత్రం అయిదు రోజుల కిందటిది. మత్స్యకారులకు విజయోత్సవ కానుక అని పద్మనాభయ్యగారు ఫ్లెక్సీ కట్టించారు. మన చేతిలోంచి లాక్కున్నది మన చేతికే తిరిగిస్తే దాన్ని కానుక అంటారని యుద్ధం రాకపోతే మనకు తెలిసేదా? చిన్నబాబు ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, "నాయకుడంటే ఇట్టుండాల!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది.

"అమ్మా, బోటు పోయిందా?"

"పోయింది నాయనా!" అంది మాలకొండమ్మ. ఇన్నాళ్ళూ అన్న మాటే. ఈసారి గొంతులో ముల్లు లేదు. "కానాగంతలురా! మీ నాయన మంత్రిని పక్కన కూర్చోబెట్టుకుని పట్టుకొచ్చినాడు!" అంటూ మొత్తం చెప్పుకొచ్చింది. అవతల పెంచలకృష్ణ పడీపడీ నవ్వాడు.

"ఇన్నాళ్ళకి నిజం చెప్పినావమ్మా," అన్నాడు నవ్వి నవ్వి.

ఆమె గతుక్కుమంది. "ఏందిరా నువ్వనేది?"

"మంగళవారం నాడు ఫోన్ చేస్తే తెల్లారే నెత్తళ్ళు పడినాయన్నావే! మంగళవారం మన పాలెంలో వల ఎవురు ముడతారమ్మా?"

చేపలమ్మే మనిషి, కాపు పెళ్ళాం, మంగళవారం సంగతి ఎట్టా మరిచిపోయిందో ఆమెకే అంతుబట్టలేదు. "మరి అప్పుడే అడగలేదేందిరా?" అంది చిన్నగా.

"ఎందుకు చెప్తా ఉండావో నాకు తెలవదా? నేను చెప్పిన పూరీలు, కోడికూర మాత్రం నిజమనుకున్నావా?"

మాలకొండమ్మ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఆ పదకొండు రోజులూ అటుకులు, బిస్కెట్లే అమ్మా. నువ్వు పంపిన నెత్తళ్ళ పొడి ఉండింది గదా, దాన్ని సీసా తుడిచి మరీ తిన్నోడు ఒకడుండాడని చెప్పినానే, నా పక్క మంచం పిల్లోడు. వాడు తిరిగి రాలేదమ్మా. చెప్పబాకండి, ఇళ్ళల్లో దిగులు పడతారు అన్నారు. చెప్పలా."

ఫోన్ పెట్టేశాక ఆమె పొయ్యి ముందు కూర్చుంది. ఊరూ పేరూ తెలియని ఆ పిల్లవాడి కోసం ఏడ్చింది. తర్వాత లేచి, నెత్తళ్ళు వేయించి పొడి కొట్టి, ఒకటికి రెండు సీసాలు నింపింది.

ఇక్కడ మనం యుద్ధకాలపు నాయకత్వాన్ని మనసారా మెచ్చుకోవాలి. ఇంట్లోవాళ్ళు దిగులుపడతారని సైనికుణ్ణి నోరు మూసుకోమన్నారు. సైనికుడు దిగులుపడతాడని ఇంట్లోవాళ్ళను నోరు మూసుకోమన్నారు. తల్లీ కొడుకూ ఒకరికొకరు పూరీలూ చేపలూ కల్పించుకుంటుంటే, నిజం మాట్లాడవలసినవాళ్ళిద్దరి తరఫునా మైకు పట్టుకుని మూడోవాడు మాట్లాడాడు. ఎంత చక్కటి ఏర్పాటు!

మాలకొండమ్మకు మాత్రం ఇంకా బుద్ధి రాలేదు. ఈ మధ్య గూడూరు సంతలో ఎండుచేపలతో పాటు ఒక సలహా కూడా ఊరికే ఇస్తోంది. పాలెం దురాయిని దేశం మొత్తానికి పెట్టాలట! యుద్ధమని కేక వేసినవాళ్ళ పడవే ముందు ఒడ్డెక్కాలట, సరిహద్దుకు పోయే బస్సులో ముందు సీట్లలో వాళ్ళ పిల్లలే కూర్చోవాలట.

దయచేసి ఆమె మాట వినకండి! ఆ ఒక్క షరతు పెడితే ఇక ఈ దేశానికి యుద్ధాలే రావు. యుద్ధాలు రాకపోతే పాపం నాయకులు పొద్దున లేచి రోడ్డు మీద గుంతలకు జవాబు చెప్పుకోవాలి.